పాట అందుకునేదెవరు?

పోయిన నెల మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్దబావ ఒక వ్యాసం పంపించాడు. పసితనం నుంచి పెద్దయ్యేదాకా సంగీతం మనుషుల్ని ఎలా కలుపుతుందో చెప్పే వ్యాసం. కింద ఇరవై దాకా దండాలూ పూలూ పడ్డాయి. మా చిన్నమ్మ కొడుకు 'అందుకే అన్నా, మా బుడ్డోనికి రోజూ గంటసేపు పెడుతున్న' అని రాశాడు. వాడు పెట్టేదేమిటో మాకందరికీ తెలుసు. ఫోను.

నేనేమీ రాయలేదు. వ్యాసంలో తప్పేం లేదు. కాకపోతే చదివిన ప్రతివాళ్ళూ దాన్ని ఒకేలా అర్థం చేసుకున్నారు: పాట పెడితే చాలు, మిగతాదంతా పాటే చూసుకుంటుందని. వాళ్ళని ఏమనగలను? నాలుగేళ్ళ కిందట నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడమే కాదు, డబ్బులు కూడా తగలేశాను.

మా ఆవిడకి ఏడో నెల నడుస్తున్నప్పుడు, కడుపు మీద పెట్టుకునే హెడ్‌ఫోన్ ఒకటి తెప్పించాను. బెల్టులా చుట్టుకుంటే లోపలి బిడ్డకి మోజార్ట్ అనే పాతకాలపు యూరప్ సంగీతకర్త సంగీతం వినిపిస్తుందట, దాంతో తెలివి పెరుగుతుందట. మూడు రోజులు చుట్టుకుంది. నాలుగో రోజు 'ఇది పెట్టుకుంటే గ్యాస్ పట్టేస్తోంది, అంత మంచిదైతే మీరే పెట్టుకోండి' అని తీసి పడేసింది. తరవాతెప్పుడో తీరిగ్గా ఆ మోజార్ట్ కథ ఎక్కడ మొదలైందో చదివాను. 1993లో అమెరికాలో చేసిన ఒక చిన్న ప్రయోగం అది. అందులో పసిపిల్లలు లేనే లేరు, ఉన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మోజార్ట్ విన్నాక, ఆకారాలని మనసులో తిప్పి చూసుకునే తరహా పరీక్షలో వాళ్ళు కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకి మించి నిలవలేదు. దాన్ని పట్టుకుని 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్, పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్‌లో 1,05,000 డాలర్లు అడిగాడు. ఆయన ప్రభుత్వ సొమ్ము అడిగాడు, నేను నా సొమ్ము పెట్టాను, అంతే తేడా.

నా అభిప్రాయం ఇప్పుడు వేరు. మనుషుల్ని కలిపే పని పాట ఒక్కటే చెయ్యలేదు, దాన్ని ఎవరో అందుకోవాలి. ఒకరు ఎత్తుకోవాలి, ఇంకొకరు అందుకోవాలి. పాట గురించి మనం వాడే ఈ రెండు మాటలూ పసిబిడ్డ గురించి కూడా వాడతాం, గమనించారా? బిడ్డని ఎత్తుకుంటాం, చేతులు చాపి అందుకుంటాం. 'పాట పెట్టడం' అన్న మాట మాత్రం ఆ వరసలోది కాదు. అది దీపం పెట్టడం, ఫ్యాను పెట్టడం వరసలోది.

మా అమ్మ జోల

పాప మూడో నెలలో సాయంత్రం ఆరయిందంటే ఏడుపు అందుకునేది. డాక్టరు చూసి ఏం లేదన్నారు. ఫోన్లో జోల పాటలు పెట్టాం, వాన చప్పుడు పెట్టాం, కుక్కర్ చప్పుడులాంటిది కూడా ఒకటి దొరికితే పెట్టాం. పడుకునేది, పాట మారగానే లేచేది. అప్పుడు మా అమ్మ జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది. ఫోను నా చేతిలో పెట్టి, గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద వేసుకుంది. ఎడమ కాలు, కుడి కాలు మార్చి మార్చి కదుపుతూ పాట ఎత్తుకుంది.

మా అమ్మది గొప్ప గొంతేం కాదు. మొదటి లైను ఒక శ్రుతిలో మొదలైతే మూడో లైనుకి ఎక్కడికో పోతుంది. ఆమెకి వచ్చిన జోలలో ఉన్నవి రెండు చరణాలే, వాటినే నలభై నిమిషాలు తిప్పి తిప్పి పాడుతుంది. అందులో 'చిలకంబరాలు' అని ఒక మాట వస్తుంది. 'చిలకంబరాలంటే ఏందమ్మా?' అనడిగాను. 'ఏమో బిడ్డా, మా అమ్మ గట్లనే పాడేది' అంది. ఏ పాత మాటో మూడు తరాల కింద ఎవరి నోట్లోనో అరిగిపోయి ఇలా తేలి ఉంటుంది.

పాపని చూస్తూ కూర్చున్నాను. లైను అయిపోయి అమ్మ ఊపిరి తీసుకునేలోపు 'ఊ' అని చిన్న చప్పుడు చేసేది. అమ్మ ఆ 'ఊ' కోసం ఒక్క క్షణం ఆగేది. పాప 'ఊ' అనకపోతే అమ్మే అని, నవ్వి, మళ్ళీ ఎత్తుకునేది. ఫోనుకి ఆగడం రాదు.

ఇక్కడే నా వాదనకి అడ్డం తగిలే సంగతి ఒకటుంది, దాచకుండా చెప్తాను. కెనడాలో మాంట్రియల్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పిల్లలకి తెలియని టర్కీ భాషలో ఒకసారి మాటలు, ఒకసారి పాట వినిపించి, ఎంతసేపటికి ఏడుపు మొహం పెడతారో చూశారు. ముద్దు మాటలకి నాలుగు నిమిషాల పైచిలుకు ఓపిక పట్టిన పిల్లలు పాటకి తొమ్మిది నిమిషాల దాకా పట్టారు. వినిపించినది రికార్డే, పాడే మనిషి ఎదురుగా లేడు. అంటే రికార్డుకి కూడా పిల్లలు ఊరుకుంటారు. మా చిన్నమ్మ కొడుకు అనుభవమూ అదే, వాడు అబద్ధం చెప్పడం లేదు.

ఊరుకోవడమూ కలవడమూ ఒకటేనా అన్నదే నా అనుమానం. దీనికి జవాబులాంటిది హార్వర్డ్ వాళ్ళు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దొరికింది. అయిదు నెలల పిల్లల తల్లిదండ్రులకి ఒక కొత్త పాట నేర్పి, ఒకటి రెండు వారాలు ఇంట్లో పాడమన్నారు. ఇంకో గుంపు పిల్లలకి అదే పాట ఒక బొమ్మలోంచి వినిపించారు. తరవాత ఇద్దరు కొత్త మనుషుల్ని తెర మీద చూపించారు, ఒకరు ఆ పాట పాడతారు, ఇంకొకరు వేరే పాట పాడతారు. అమ్మానాన్నల నోట విన్న పిల్లలు, తమకి తెలిసిన పాట పాడిన మనిషి వైపే ఎక్కువసేపు చూశారు. బొమ్మలోంచి విన్న పిల్లలకి ఇద్దరూ ఒకటే. పాట అదే. ఇంట్లోవాళ్ళ నోటి నుంచి వస్తేనే అది 'మనవాళ్ళ పాట' అయింది.

జోల పాట గురించి ఇంకొకటి. అది బిడ్డకి పాడేదే అయినా బిడ్డ ఒక్కడే వినాలని పాడేది కాదు. మా అమ్మ మధ్యమధ్యలో సొంతంగా లైన్లు కలిపేది. మీ నాయినకి హైదరాబాదు మీటింగులే తక్కువైనయని ఒక లైను, మేనత్త వచ్చి చూసిపోనేలేదని ఒక లైను. నేను పక్క గదిలో ల్యాప్‌టాప్ మూసేవాణ్ణి. మామూలుగా అంటే గొడవయ్యే మాట రాగంలో పెడితే ఎవరూ తప్పు పట్టలేరు. ఆడవాళ్ళకి ఇంట్లో నోరెత్తే వీలు లేని కాలంలో జోల పాట ఎంత పని చేసిందో ఎవరు లెక్కగట్టారు?

బట్టల క్లిప్పులు

ఇదే కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ప్రచురించిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. పధ్నాలుగు నెలల పిల్లల్ని ఒక సహాయకురాలు ఛాతీకి సంచీలో కట్టుకుని, పాటకి తగ్గట్టు చిన్నగా ఎగురుతుంది. ఎదురుగా నిలబడ్డ ఒక కొత్తమ్మాయి కొందరు పిల్లలతో సరిగ్గా అదే లయలో ఎగురుతుంది, మిగతా పిల్లలతో లయ తప్పి ఎగురుతుంది. రెండున్నర నిమిషాలు, అంతే. తరవాత ఆ కొత్తమ్మాయి బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ క్లిప్పులు కింద పడేసుకుని, అందనట్టు చెయ్యి చాపుతుంది. లయ కలిసిన పిల్లలు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి క్లిప్పు తీసి ఇవ్వడం ఎక్కువగా కనిపించింది.

నాకు ఈ సంగతి చదవగానే వీధిలో ఎవరికైనా చెప్పాలనిపించింది. రెండున్నర నిమిషాల ఎగురుడికి సాయం చేసే బుద్ధి పుడుతుందంటే ఎవరికి సంబరం కాదు? కానీ అదే బృందం తరవాత చేసిన ప్రయోగాలు కూడా చదివితే సంబరం సగానికి తగ్గుతుంది. పాట తీసేసి, అడవి చప్పుళ్ళు లాంటివి పెట్టి అదే లయలో ఎగిరినా సాయం చేశారు, కాకపోతే పాట లేకపోయేసరికి ఎక్కువ పేచీ పెట్టారు. అంటే కలిపింది కలిసి ఎగరడం, పాట చేసింది పిల్లల మూడ్ చెడకుండా చూడటం. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ పిల్లలు సాయం చేసింది తమతో ఎగిరిన అమ్మాయికి. ఆమె స్నేహితురాలని తెలిసిన మనిషికి కూడా చేశారు. ఏ సంబంధమూ లేని మూడో మనిషి విషయంలో మాత్రం ఏ తేడా లేదు.

పధ్నాలుగు నెలలకే 'మనవాళ్ళు' మొదలైపోయారన్నమాట. మనవాళ్ళు ఉన్నచోట కానివాళ్ళూ ఉంటారు కదా!

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నబాపు పెళ్ళి. ఊరేగింపుకి డప్పులు వచ్చాయి. వాకిలి అవతల గడ్డి మంట వేసి డప్పులు కాగబెడుతున్నారు. తోలు బిగిసే కొద్దీ వేలితో తట్టి చూసుకుంటూ, మళ్ళీ మంట మీదికి వంచుతూ. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఒకాయన నవ్వి, డప్పు నా భుజానికి తగిలించి, పుల్లలు రెండు చేతుల్లో పెట్టి, 'కొట్టు దొరా' అన్నాడు. కొట్టాను. నా దెబ్బ తప్పితే ఆయన పక్క డప్పు మీద సరిచేసేవాడు. ఒక అయిదు నిమిషాలు ఇద్దరం కలిసి వాయించి ఉంటాం. అంత సంతోషం నాకు ఆ పెళ్ళిలో ఇంకెక్కడా దొరకలేదు. మా నాయనమ్మ చూసింది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయి బోరింగు కింద నిలబెట్టి, కొత్త బట్టల మీదే నీళ్ళు గుమ్మరించింది. మధ్యాహ్నం ఊరంతా ఆ డప్పు దెబ్బకే అడుగులేసింది. పందిట్లో బంతి మొదలైనప్పుడు డప్పు వాళ్ళు వాకిలి అవతలే ఉన్నారు. విస్తర్లు అక్కడికే వెళ్ళాయి. 'దొరా' అని ఆయన పిలిచింది తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి.

అందుకే 'సంగీతానికి కులం లేదు, మతం లేదు' అని ఎవరైనా స్టేజీ మీద అంటే నాకు బోరింగు నీళ్ళ చల్లదనం గుర్తొస్తుంది. లయ కలిస్తే చాలదు. కలిశాక వలయం ఎక్కడ గీస్తామన్నది వేరే లెక్క, అది లయకి సంబంధించింది కాదు. ఒకే లయలో కదిలిన మనుషులు చెప్పిన మాట తేలిగ్గా వింటారని, చిన్న ప్రాణుల్ని చంపమంటే కూడా ఎక్కువగా చంపారని అమెరికాలో ఒక పరిశోధకుడు 2012లో చూపించాడు. సైన్యాలకి ఈ సంగతి ఏ పరిశోధకుడూ చెప్పనక్కర్లేదు, కవాతు ఉన్నది అందుకేగా. ఊరేగింపుల్లో డీజే కూడా కొన్నిసార్లు ఆ పనికే వస్తోంది. ఏ వీధి ముందు శబ్దం పెంచుతారో గమనిస్తే చాలు.

'పెదాలాడించు చాలు'

ఆరో తరగతిలో పంద్రాగస్టుకి గ్రూపు సాంగు. పన్నెండు మందిమి రెండు వరసల్లో నిలబడి పాడుతుంటే, టీచరు ఒక్కొక్కరి దగ్గర చెవి పెట్టి విన్నారు. నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. 'నువ్వు పెదాలాడించు చాలు' అన్నారు. కోపంగా అనలేదు, మెల్లగానే అన్నారు. పదో తరగతి దాకా ప్రతి ఏడూ వరసలో నిలబడి పెదాలాడించాను. పొడుగ్గా ఉండేవాణ్ణి, వెనక వరస నిండుగా కనిపించడానికి పనికొచ్చేవాణ్ణి.

ఆ మాటని ఇరవయ్యేళ్ళు మోశాను. పెళ్ళిలో తలుపు దగ్గర వదినలు అడ్డం నిలబడి పేరు చెప్పి పాట పాడమంటే, పేరు మూడుసార్లు చెప్పి పాట తప్పించుకున్నాను. పాపకి కూడా మొదట ఫోను పెట్టింది అందుకే, నిజం చెప్పాలంటే. నా గొంతు బిడ్డకి ఎందుకులే అనుకున్నాను. ఈ మాట పదిమందిలో అంటే ఏడుగురు 'నాకూ అంతే' అంటారు. ఒకరికి అక్క చెప్పింది, ఒకరికి సంగీతం మాస్టారు చెప్పారు, ఇంకొకరికి ఎవరూ చెప్పకుండానే టీవీ పోటీల్లో ఎనిమిదేళ్ళ పిల్లల పాటలకి వంక పెట్టే జడ్జీలని చూసి అర్థమైపోయింది. నడవడం వచ్చిన ప్రతివాళ్ళూ పరుగుపందెంలో గెలవక్కర్లేదు. అలాగని గెలవనివాళ్ళని కూర్చోబెట్టి 'నువ్వు కాళ్ళాడించు చాలు' అనం కదా!

మరి పాడకుండా పెరిగిన నాకు స్నేహాలు లేవా? ఉన్నాయి, అవీ పాటల వల్లే. ఇంజినీరింగ్ హాస్టల్లో నా రూమ్మేటుకీ నాకూ కలిపి ఒకటే ఇయర్‌ఫోన్ ఉండేది. ఎడమ చెవిది వాడికి, కుడి చెవిది నాకు. కరెంటు లేని రాత్రులు టెర్రస్ మీద పడుకుని అలా పాటలు విన్నాం. వాడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే మాటలకంటే ముందు ఏదో పాట పల్లవి కూనిరాగం తీస్తాడు, నేను గుర్తుపట్టాలి. కాబట్టి రికార్డు పాట మనుషుల్ని విడదీస్తుందని నేను వాదిస్తే అది నా జీవితానికే అబద్ధం చెప్పినట్టు. సినిమా పాట లేకపోతే తెలుగువాడికి అంత్యాక్షరి లేదు, కాలేజీ బస్సు లేదు, సగం ప్రేమలు లేవు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ ఇయర్‌ఫోన్ తీగ మూడడుగులే. తలలు దగ్గరగా పెట్టకపోతే ఊడిపోయేది. ఇద్దరం ఒకే చోట, ఒకే దెబ్బకి, వేళ్ళతో పిట్టగోడ మీద తాళం వేసేవాళ్ళం. ఇప్పుడు అదే పాట లింకు వాట్సాప్‌లో పంపుకుంటాం. వాడు విన్నాడో లేదో నాకు తెలీదు.

వంత పాడటం తిట్టు ఎప్పుడైంది?

'వాడు వీడికి వంత పాడుతున్నాడు' అంటే ఇవాళ తిట్టు. 'తానా అంటే తందానా అంటాడు' అన్నా తిట్టే. ఒకప్పుడు అది ఒక వృత్తి. బుర్రకథలో తంబూరా పట్టుకున్న కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు చెప్పింది చెప్పినట్టు ఒప్పుకోవడం వాళ్ళ పని కానే కాదు. అడ్డు ప్రశ్న వేస్తారు, వెక్కిరిస్తారు, కరణాన్నీ మునసబునీ కథలోకి లాక్కొస్తారు. జనంలో ఉన్న అనుమానం వాళ్ళ నోటి నుంచి వస్తుంది. వంతలు లేకపోతే అది ఉపన్యాసం అయ్యేది. నాజర్ పేరు అందరం చెప్తాం, ఆయన పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు? ఎత్తుకున్నవాడికి పేరు, అందుకున్నవాడికి తిట్టు. మన భాషే ఇలా తీర్పు చెప్పేసింది.

మా నాయనమ్మ, నా మీద బోరింగు నీళ్ళు పోసిన మనిషే, నాట్లలో పాట ఎత్తుకునేది. మడిలో పదిహేను మంది ఆడవాళ్ళు వరసగా వంగి, నాటుతూ వెనక్కి జరుగుతుంటారు. ఒకామె లైను అంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకున్న ఆ కాస్త సేపట్లో మొదటామె ఊపిరి తీసుకుని తరవాతి లైను ఆలోచించుకుంటుంది. వరస వంకర పోకుండా, ఒకరు ముందూ ఒకరు వెనకా కాకుండా పాటే చూసుకుంటుంది. వెనకబడ్డ బాలింత ఉంటే పాట నిదానించేది. అది నేను గట్టు మీద కూర్చుని చూసిందే.

దీన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళని కూడా చూశాను, నాకు అంత రావడం లేదు. పాటతో నాటు తొందరగా పడితే లాభం కూలివాళ్ళకా, పొలం ఆసామికా? ఆ పాటలో నడుము నొప్పి కాసేపు మరిచిపోతారు నిజమే, నొప్పి ఎక్కడికీ పోదు. ఇప్పుడు మా వైపు నాట్లకి బీహారు, బెంగాలు నుంచి కూడా కూలీలొస్తున్నారు. మా నాయనమ్మకి ఆ పని తప్పినందుకు నాకు సంతోషమే. పాట పోయిందని ఏడవాలంటే, ముందు ఆ నడుము నాది కాదని గుర్తు చేసుకోవాలి.

గేటు దగ్గర

పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లో సద్దుల బతుకమ్మ. బతుకమ్మ ఆడేది ఆడవాళ్ళు. అసోసియేషన్‌లో మగవాళ్ళకి వచ్చే పని చందాలు వసూలు చేయడం, సౌండ్ బాక్సులు తేవడం. ఆ ఏడు బాక్సులు తెచ్చింది నేనే. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన బంతీ చేమంతీతో సెల్లార్‌లో నాలుగడుగుల బతుకమ్మ పేర్చారు. ఏడున్నరకి పాటలు పెట్టాం. బాగానే ఆడారు, అబద్ధం చెప్పకూడదు. పట్టుచీరల్లో అరవై మంది, చప్పట్లు అన్నీ ఒక్కసారి పడుతుంటే చూడముచ్చటగా ఉంది. నోళ్ళు మాత్రం మెదలడం లేదు. కొందరివి మెదులుతున్నాయి, చప్పుడు రావడం లేదు. వెనక వరసలో నన్ను నేను చూసుకున్నట్టనిపించింది.

పదింటికి బాక్సులు ఆపాం, రూలు ప్రకారం. ఇంకో రౌండు నోటితోనే పాడదామని ఎవరో అన్నారు. రెండు లైన్లు నడిచింది. మూడో లైను ఎవరికీ రాలేదు. ఒకరు ఫోన్లో వెతకబోయారు, అందరూ నవ్వుకున్నారు, సెల్ఫీలు తీసుకుని సత్తుపిండి డబ్బాలు పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచారు.

అప్పుడు వినిపించింది. గేటు పక్కన మా వాచ్‌మన్ భార్య, ఫ్లాట్లలో పనిచేసే ఇంకో అయిదారుగురు, జానెడు బతుకమ్మ పెట్టుకుని ఆడుతున్నారు. ఎదురుగా ఖాళీ ప్లాట్లలో కోసుకొచ్చిన గునుగు, కాస్త తంగేడు. పాలమూరు వైపు మనిషి ఆవిడ, గొంతు జీరగా ఉంటుంది. ఆవిడ ఒక లైను అనడం, మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అని అందుకోవడం. కథలా సాగుతూనే ఉంది. మా వాళ్ళు లిఫ్టు దగ్గర నుంచి వెనక్కి వచ్చారు. 'ఎంత బాగా పాడుతుందో!' అన్నారు. చుట్టూ నిలబడ్డారు, ఫోన్లు పైకి లేచాయి. నేను కూడా తీశాను, ఇంకా ఉంది నా ఫోన్లో. ఒక్కరు కూడా ఆ వలయంలోకి వెళ్ళలేదు. ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. మా పాప వెళ్ళబోతే దాని అమ్మ కంటే ముందు నా చెయ్యే వెళ్ళి పట్టుకుంది. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. రాత్రి పది దాటింది, నిద్రవేళ అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను.

ఈ ఏడు మీటింగులో నేను ఒక మాట అన్నాను: మొదటి గంట బాక్సులు వద్దు, నోటితో పాడుకుందాం. పెద్ద గొడవే అయింది. 'ఎవరికొచ్చు పాటలు?' అన్నారు. మా కింది ఫ్లాటు రిటైర్డ్ లెక్చరర్ గారు మంచి ప్రశ్నే వేశారు: 'కలవడానికి పాటే కావాలా? క్రికెట్ ఆడితే కలవమా?' ఆయన చెప్పింది నిజమే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వయోజనుల క్లాసుల్లో ఏడు నెలలు చూశారు, 2015లో రాశారు. పాటల క్లాసులో చేరినవాళ్ళు మొదట్లోనే తొందరగా కలిసిపోయారు. చేతిపనులు, రచన నేర్చుకునేవాళ్ళు నిదానంగా కలిశారు. ఏడో నెలకి అందరూ ఇంచుమించు ఒకేచోట ఉన్నారు. పాట దగ్గరిదారి మాత్రమే, దారి అదొక్కటే కాదు. 'కానీ సార్, పదేళ్ళుగా ఉంటున్నాం, ఎదురు ఫ్లాటు ఆయన పేరు మీకు తెలుసా?' అన్నాను. ఆయన నవ్వారు. నాకూ తెలీదు.

చివరికి ఒక గంటకి ఒప్పుకున్నారు. వెంటనే ఇంకొకరు అన్నారు: 'వాచ్‌మన్ వాళ్ళావిణ్ణి పిలిచి పాడిద్దాం, అయిదు వందలిద్దాం.' అందరికీ నచ్చింది. డబ్బివ్వడం తప్పని నేననను, ఆవిడ గొంతుకి అయిదు వందలు తక్కువే. కానీ బాక్సుల బదులు ఒక మనిషిని తెచ్చిపెడుతున్నామేమో అనిపించింది. సరే, అడిగే పని నాకే పడింది.

మర్నాడు గేటు దగ్గర అడిగాను. ఆవిడ చీపురు పక్కన పెట్టి కాసేపు ఆలోచించింది.

'పాడుత సార్. నాకు పొద్దుందాక వస్తయి పాటలు. గని నేనొక్కదాన్నే పాడితే ఎట్ల? మేడమ్‌లు అందుకోవాలె గద.'

'అందుకుంటారమ్మా.'

'పోయినేడు అందరు ఫోన్లు పట్టుకొని నిలబడ్డరు' అంది.

ఆ రాత్రి అసోసియేషన్ గ్రూపులో పెట్టాను: మొదటి గంటకి పాట అందుకునేవాళ్ళు పేర్లివ్వండి, రావాల్సింది 'ఉయ్యాలో' అన్న ఒక్క మాటే. ఇవాళ్టికి నాలుగు పేర్లొచ్చాయి. ఒకటి లెక్చరర్ గారి భార్యది. ఒకటి మా ఆవిడది. ఆమెది తెనాలి వైపు, గొబ్బి పాటలు తప్ప బతుకమ్మ పాట ఒక్కటీ రాదు, పేరు రాసింది కూడా నేనే. ఆమెకి ఇంకా చెప్పలేదు.